రౌటరుకి అంటు కట్టినవాళ్ళు

కడియం దగ్గర ఒక గోదావరి లంకలో పూలమొక్కల నర్సరీ నడిపే చిట్టెబ్బాయి ఇంట్లో నలుగురు మనుషులు. నలుగురికీ తెలివి ఎక్కువే. ఎక్కువని వాళ్ళే చెప్పుకునేవాళ్ళు.

"ఊళ్ళోవాళ్ళకి ఒకటి చెప్తే ఇంకోటి చేస్తారు. మనం అలా కాదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం. తెలివంటే అదే!" అని చిట్టెబ్బాయి అరుగు మీద కూర్చుని మీసం దువ్వుకునేవాడు.

"అంతే అన్నయ్యా," అనేవాడు తమ్ముడు అబ్బులు.

"అంతే కదండీ," అనేది భార్య వీరలక్ష్మి.

నాలుగో మనిషి కూతురు తాయారు. ఆ పిల్లకి ఈమధ్య ఎవరి మాటా వినపడ్డం లేదు. దానికి కారణం ఓ ఫోటో. అందులో వెనక సముద్రం, ముందు ఒక అబ్బాయి, గాలికి ఎగిరిన జుట్టు. పేరు మధుసూదన్. అండమాన్‌లో లైట్‌హౌస్ దీపం చూసుకునే ఉద్యోగం. ఆ ఫోటో వచ్చిన దగ్గర్నించీ తాయారు గులాబీలకి నీళ్ళు పెట్టి అలాగే ఆకాశం కేసి చూస్తూ ఉండిపోయేది. కుండీ నిండేది, మడి నిండేది, చెప్పులు కొట్టుకుపోయేవి.

ఆదివారం పదకొండింటికి ఫోన్లో పెళ్ళిచూపులు. ఆ సాయంత్రమే మధుసూదన్ లాంచీ ఎక్కి, ఫోన్లు పనిచెయ్యని చిన్న దీవికి డ్యూటీకి వెళ్ళిపోతాడు. నాలుగు నెలల దాకా రాడు. "ఆదివారం చూపులు కుదరకపోతే కాకినాడ సంబంధం ఖాయం చేసేసుకుంటాం," అని వాళ్ళమ్మ ముందే చెప్పింది.

చిక్కేంటంటే, లంకలో మామూలు ఫోన్లో మాట వస్తుంది గానీ బొమ్మ రాదు. ఇంటర్నెట్ కంపెనీవాళ్ళ పెట్టె ఉంది, కానీ అది నర్సరీ షెడ్డులో ఉంది. పిల్ల కూర్చోవాల్సిందేమో నడింట్లో, తూర్పు ముఖంగా. అక్కడికి సిగ్నల్ రాదు. అందుకని అబ్బులు రాజమండ్రి వెళ్ళి, మూడు కొమ్ములున్న సొంత రౌటరొకటీ, పొడుగాటి వైరొకటీ పట్టుకొచ్చాడు. శుక్రవారం పొద్దున కంపెనీకి ఫోన్ చేశాడు.

"సార్, మా పెట్టె తియ్యకండి," అంది అక్కడ మాట్లాడే అమ్మాయి. "లైను అందులోంచే రావాలి. మీ రౌటర్ని నడింట్లో పెట్టుకుని, రెండింటినీ వైరుతో కలపండి. అంతే."

"అంతేనా తల్లీ? కలపడం మాకు చెప్పాలా! ముప్పై ఏళ్ళుగా అదే పని."

ఇంకేముంది! అబ్బులు అంటు కత్తి తీశాడు. వైరుకి రెండు కొసలా ఉన్న ప్లగ్గులు చూసి, "ఈ ముడుల దగ్గర అంటు పట్టదు," అని రెండూ కోసి పారేశాడు. కొసలు ఏటవాలుగా చెక్కాడు. ఒక కొసని షెడ్డులో పెట్టెకీ, ఇంకో కొసని నడింట్లో రౌటరుకీ ఆనించి, చుట్టూ పాలిథిన్ పట్టీ బిగించి, పైన పేడమట్టి మెత్తాడు.

"ఎన్నాళ్ళకి పడుతుందిరా?" అన్నాడు చిట్టెబ్బాయి.

"మామిడికైతే నలభై రోజులు. ఇది చిన్నది కదా, ఇరవై చాలు."

"ఇరవయ్యా! చూపులు ఎల్లుండి కదరా!"

తాయారు పరుగెత్తుకెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి, అంటు తొందరగా పట్టాలని రెండు పక్కలా పోసింది. నడింట్లో రౌటరు దీపం టప్పున ఆరిపోయింది.

మళ్ళీ ఫోన్ చేశారు. రౌటరు తడిసిందని ఆ అమ్మాయికి చెప్పారు. "ఎండలో ఆరబెట్టండి సార్. ఆరాక ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. మా పెట్టెకీ మీ రౌటరుకీ ఒకే పేరు ఉండకూడదు. మీ దానికి వేరే పేరు పెట్టుకోండి," అంది.

"చూశావా వీరలక్ష్మీ! పేరు పెట్టకుండా పనిచెయ్యమంటే ఎలా చేస్తుంది పాపం?" అన్నాడు చిట్టెబ్బాయి.

అంతే. శనివారం బారసాల. చీర ఉయ్యాలలో రౌటర్ని పడుకోబెట్టారు. పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో 'వెంకటరత్నం' అని రాశారు. పేరు మూడుసార్లు చెవిలో చెప్పాలి కదా, మరి చెవెక్కడ? వెనకాల వరసగా చిన్న చిన్న కన్నాలున్నాయి. "ఇన్ని చెవులా!" అని ముచ్చటపడి, వీరలక్ష్మి ఒక్కోదాంట్లో మూడేసిసార్లు చెప్పింది. చివర్న, నాలిక ఎక్కడుందో తెలీక అన్ని కన్నాలకీ తేనె రాసింది. సాయంత్రానికి లంకలో ఉన్న చీమలన్నీ వెంకటరత్నాన్ని చూడ్డానికి వచ్చేశాయి.

ఆదివారం పొద్దున్నే మళ్ళీ ఫోన్. "రెండూ స్విచ్చులు ఆపేసి, ఐదు నిమిషాలు ఆగి, మళ్ళీ వెయ్యండి సార్," అంది ఆ అమ్మాయి, నీరసంగా.

స్విచ్చులు ఆపారు. అందరూ ఆగారు. చిట్టెబ్బాయి ఒక కాలు గడప మీద పెట్టి ఆగాడు. అబ్బులు ఆవులిస్తూ, నోరు తెరుచుకునే ఆగాడు. వీరలక్ష్మి పొయ్యి ముందు గరిటె ఎత్తి ఆగింది. చూపులకని కాస్తున్న పాయసం పొంగి, పొర్లి, మాడి, పొగై ఇల్లంతా కమ్మేసింది. దాన్ని చూసి పక్క నర్సరీవాళ్ళు బిందెలతో వచ్చి, కదలకుండా నించున్న నలుగురి మీదా నీళ్ళు కుమ్మరించారు.

ఇక లాభం లేదని కంపెనీవాళ్ళు మెకానిక్కునే పంపారు. నెరిసిన మీసాల పెద్దాయన. వచ్చి, పేడ చూసి, పట్టీ చూసి, "ఇందులో చీమలెందుకున్నాయండీ?" అనడిగాడు.

"బారసాల చేశాం," అన్నాడు చిట్టెబ్బాయి గర్వంగా.

ఆయన సంచీ దించాడు. చీమలు దులిపి, తేనె తుడిచి, కొత్త వైరు లాగి, పది నిమిషాల్లో అంతా సరిచేశాడు. మూడు కొమ్ముల రౌటరుకి పచ్చటి దీపం వెలిగింది. తాయారు కళ్ళకి అది లైట్‌హౌస్ దీపంలాగే కనిపించింది. వెళ్తూ వెళ్తూ ఆయన అబ్బులు చేతిలో ఓ చీటీ పెట్టి, "ఇది పాస్‌వర్డు. ఎవ్వరికీ చెప్పకండి," అన్నాడు.

పదీ యాభై అయింది.

"బాబాయ్, పాస్‌వర్డు చెప్పు," అంది తాయారు.

"అమ్మో! ఎవ్వరికీ చెప్పొద్దన్నారు."

"నేను నీ కూతురు లాంటిదాన్ని కదా!"

"ఎవ్వరికీ అంటే అందులో నువ్వూ ఉన్నావమ్మా. ఆ మాటకొస్తే నేనూ ఉన్నాను. అందుకే చూడకుండా చీటీ మింగేశాను."

తాయారు గొల్లుమంది. కాటుక కారిపోయింది. చిట్టెబ్బాయి రోడ్డెక్కి, మోటారు సైకిల్ మీద పోతున్న పెద్దాయన వెంట అరకిలోమీటరు పరుగెత్తి పట్టుకొచ్చాడు. ఆయన ఈసారి ఎవరికీ ఏమీ చెప్పలేదు. తాయారు చేతిలోంచి ఫోన్ తీసుకుని, పాస్‌వర్డు తనే వేసి, ఇచ్చి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

సరిగ్గా పదకొండు. ఫోన్ని కుండీకి ఆనించి, ఎదురుగా స్టూలు మీద తాయారుని కూర్చోబెట్టారు. తెర మీద అతనొచ్చాడు. అదే జుట్టు, అదే సముద్రం. మూడు రోజులు పడ్డ పాట్లన్నీ తాయారు అక్కడే మర్చిపోయింది.

మధుసూదన్ కూడా సిగ్గుపడ్డాడు. గొంతు సవరించుకుని, "మొహం సరిగ్గా కనపడ్డం లేదండీ. కొంచెం దగ్గరికి వస్తారా?" అన్నాడు.

"విన్నారా? అబ్బాయి దగ్గరికి రమ్మంటున్నాడు!" చిట్టెబ్బాయి దిగ్గున లేచాడు.

"అండమాన్ దాకానా అండీ? ఓడెక్కాలేమో!" అంది వీరలక్ష్మి.

"అంతా కాదే, కొంచెమే అన్నాడు. విశాఖపట్నం రేవు దాకా వెళ్తే సరిపోతుంది."

"అంతే అన్నయ్యా!"

తాయారు అప్పటికే చెప్పులేసుకుంది. నలుగురూ తలుపుకి తాళం పెట్టి బస్సెక్కేశారు. కుండీకి ఆనించిన ఫోన్లో మధుసూదన్‌కి ఖాళీ స్టూలొక్కటే కనిపిస్తోంది.

"ఏవైందిరా? పిల్లేదీ?" అంది అతని పక్కనే కూర్చున్న వాళ్ళమ్మ.

"దగ్గరికి రమ్మన్నానమ్మా. బయల్దేరి వచ్చేస్తున్నారు."

"అడగ్గానే! ఎంత మాట వినే పిల్లరా! కాకినాడ వాళ్ళకి వద్దని చెప్పేస్తాను. మరి ఆడపిల్ల అంత దూరం వస్తుంటే నువ్విలా కుర్చీలో కూర్చుంటావేంటి? నువ్వూ కొంచెం ఎదురెళ్ళు."

ఇంకేముంది! మధుసూదన్ తల దువ్వుకుని, కొత్త చొక్కా వేసుకుని, నడుం లోతు దాకా సముద్రంలోకి దిగి, విశాఖపట్నం వైపు తిరిగి నించున్నాడు.