జీలుగు చెట్టు కిందికి కిందికి ఎందుకు పూస్తుంది

ఒకప్పుడు జీలుగు చెట్టుకి చావు లేదు. నవ్వకండర్రా, చెప్పేది వినండి. కొబ్బరి చెట్టులాగే ఏటా నడినెత్తిన గెల వేసేది, అంతే. ఆ పూగెల కోసి కుండ కడితే తియ్యటి నీరు చుక్కచుక్కగా కారేది. మళ్ళీ ఏడు మళ్ళీ గెల. ముసలితనమనేదే ఎరగదు.

అలాంటి చెట్టొకటి దోనికొండ నెత్తిమీద ఉండేది. దాని చుట్టూ పిడికెడు ఇళ్ళు. ఆ పల్లెకి పొలిమేర రాయి లేదు, మునసబు లేడు, ఏ రాజుగారి లెక్కలోనూ అది ఊరే కాదు. పేరు కూడా వాళ్ళకి వాళ్ళే పెట్టుకున్నారు, గెలపాడు అని. సంతకి పోయినవాళ్ళు, అడవికి పోయినవాళ్ళు చాలా దూరం నుంచే నెత్తిన గెల చూసి, "అదిగో మనూరు!" అని గబగబా అడుగులేసేవాళ్ళు. చెట్టుకి అదే గొప్ప.

ఒక ఏడు కొండమీద నీటి ఊట ఎండిపోయింది. బురద కూడా మిగల్లేదు. పిల్లల నోళ్ళు పిడచకట్టుకుపోతుంటే ఎవరు మాత్రం ఉంటారు చెప్పండి? చాపలు చుట్టుకుని, కోళ్ళని చంకన పెట్టుకుని అందరూ కిందికి దిగిపోయారు.

బుదరి అనే పడుచుపిల్ల మాత్రం వెనక్కొచ్చి చెట్టుని వాటేసుకుంది.

"అక్కా, ఏడవకే. ఊట మళ్ళీ రానీ. నీ గెల కనబడితే సాలు, పరుగెట్టుకు వచ్చేత్తాం" అంది.

చెట్టుకి మాటంటే మాటే. మనలాగ కాదు. అది నమ్మింది.

మరుసటేడు వానలు దంచికొట్టాయి. ఊట బుడబుడమని లేచింది. "ఓ జీలుగూ, నేనొచ్చేశా! పిలు, వాళ్ళని పిలు!" అని ఒకటే గోల. చెట్టు సంబరంగా గెల వేసింది.

ఎవరూ రాలేదు.

"మంచు అడ్డమొచ్చిందేమో, కనబడి ఉండదు పాపం" అనుకుంది చెట్టు. ఆ పై ఏడు నెత్తిన కాకుండా ఒక కణుపు కిందికి వేసింది. గెల జడల్లా వేలాడింది. అప్పుడూ ఎవరూ రాలేదు. ఇంకాస్త కిందికి వేసింది. తర్వాత ఇంకాస్త.

పళ్ళు తినడానికి వచ్చే పునుగుపిల్లి ఇక చూడలేక అరిచింది.

"నీకు మతి గానీ పోయిందా? ఒంట్లో దాచుకున్న పిండి అంతా తోడి ఈ గెలలకి పెడుతున్నావు. మొదలుదాకా దిగావంటే చస్తావు!"

"మరి వాళ్ళకి కనబడొద్దూ?"

"వాళ్ళు చూస్తేగా, పిచ్చిదానా! కింద మళ్ళు దున్నుకున్నారు, ఇళ్ళు కట్టుకున్నారు."

"బుదరి వస్తానంది" అంది చెట్టు.

పునుగుపిల్లి ఏడ్చుకుంటూ పళ్ళు తిని, ఆ గింజలు కొండకొండకీ రాల్చుకుంటూ పోయింది.

ఏళ్ళు గడిచాయి. ఊట పలకరించినా చెట్టు సరిగ్గా పలకడం మానేసింది. ఆకులన్నీ ఎండి వేలాడాయి. ఆఖరి గెల నేలకి మూరెడు ఎత్తులో వేసింది, కూర్చున్న మనిషికి కూడా అందేలాగ.

అప్పుడొచ్చింది బుదరి. చెట్టు కోసం కాదర్రా, కొండచీపురు కోసుకుందామని వచ్చింది! జుట్టు నెరిసిపోయింది, నడుం వంగిపోయింది. ఎక్కడికొచ్చిందో కూడా తెలీలేదు దానికి. తుప్పల్లో పాత పొయ్యిరాళ్ళు కాలికి తగిలాక గానీ అది తన ఇల్లని గుర్తు రాలేదు.

"బుదరీ! వచ్చావా! నా గెల కనబడిందా?" అంది చెట్టు. గొంతు పీలగా ఉంది.

బుదరి చెట్టు మొదట్లో చతికిలబడింది. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ తలెత్తి కొండకేసి చూసిన పాపాన పోలేదు. మనవలకి గెలపాడు అన్న పేరే తెలీదు.

"కనబడిందే అక్కా. అందుకే వచ్చినాను."

"మిగతావాళ్ళో?"

"ఎనకాల వత్తన్నారు. ముసలోళ్ళయిపోనారు కదా, మెల్లగా వత్తన్నారు."

"అయితే కూర్చున్నావేం! గెల కొయ్యి. ఎండన పడి వస్తున్నారు, దాహమేస్తుంది వాళ్ళకి" అంది చెట్టు.

బుదరి కొడవలితో గెల కోసింది. తెచ్చుకున్న కుండ లేదు. కింద దోసిలి పట్టింది. ఒక చుక్క పడింది. కాసేపటికి ఇంకో చుక్క. కళ్ళనీళ్ళు తుడుచుకుందామన్నా చేతులు ఖాళీ లేవు, అలాగే పట్టుకుని కూర్చుంది. దోసిలి తడిసిందే గానీ నిండలేదు. చుక్క ఆగిపోయింది.

"అక్కా" అని పిలిచింది. చెట్టు పలకలేదు.

పునుగుపిల్లి రాల్చిన గింజలు మాత్రం అన్ని కొండల్లోనూ మొలిచాయి. ఆ పిల్లచెట్లకి తల్లి చేసిన పని తప్ప ఇంకోటి తెలీదు. అప్పటినుంచే జీలుగు చెట్టు ముందు నెత్తిన పూసి, తర్వాత దాని కింద, దాని కింద, అలా దిగుతూ దిగుతూ వస్తుంది. కిందిదాకా వచ్చి ఆఖరి గెల వేశాక, నిలబడ్డచోటే ఎండి చచ్చిపోతుంది.