సిస్టర్ శౌరి మెడలో గింజ

సిస్టర్ శౌరికి కాళ్లు నేలమీద ఆనడం లేదు. కాన్వెంటు ఆసుపత్రికి కొత్త స్కాన్ మిషన్ వచ్చింది. అరచేతిలో ఇమిడిపోతుంది. మెడమీద పెడితే చాలు, లోపల బియ్యపుగింజంత గడ్డ ఉన్నా తెరమీద ఎర్రగా సున్నా చుట్టి చూపిస్తుంది. క్యాన్సర్ కావచ్చు, చూసుకోండి అని దాని అర్థం.

శౌరి పట్నంలో డాక్టరు చదువు పూర్తిచేసి వచ్చినా, వైద్యం నేర్చుకుంటున్నది మాత్రం మదర్ ఆగ్నెస్ దగ్గరే. మదర్ ఆ ఆసుపత్రిలో ముసలి డాక్టరు. తక్కువ మాట్లాడుతుంది. ఆ తక్కువలోనూ సగం మందుల పేర్లే.

“ఆదివారం పూజ అయ్యాక ఆడవాళ్లెవరినీ ఇంటికి వెళ్లనివ్వను మదర్,” అంది శౌరి. “అందర్నీ వరసగా నిలబెట్టి మెడలు చూసేస్తాను. ఒక్క క్యాన్సర్ కూడా తప్పించుకోకూడదు.”

“ఏ బాధా లేనివాళ్లకి కూడానా?”

“చూస్తే నష్టమేముంది మదర్? కోస్తామా ఏమన్నా?”

మదర్ మిషన్ తీసుకుని, కాస్త జెల్ రాసి, శౌరి మెడమీదే పెట్టింది. శౌరి నవ్వుతూ తల పైకెత్తింది. తెరమీద ఎర్రటి సున్నా పడింది.

“సరే, తుడుచుకో. వార్డులో మనుషులు ఎదురుచూస్తున్నారు,” అని మదర్ వెళ్లిపోయింది.

ఆ రోజు తానేం చేసిందో శౌరికే తెలియదు. జ్వరంతో వచ్చిన ముసలాయన్ని నోరు తెరవమని చెప్పి తానే తెరుచుకుని కూర్చుంది. జపమాల మధ్యలో దారి తప్పింది. అన్నం కలిపి వదిలేసింది. చెయ్యి ఎక్కడ పెట్టినా తిరిగి మెడ దగ్గరికే వచ్చేది. జీవితం దేవుడికి ఇచ్చేశానని అందరికీ చెప్పే మనిషి, పాపం, ఆ జీవితాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే మదర్ గదికి పరిగెత్తింది.

“ఆపరేషన్ చేయించెయ్యండి మదర్. దాన్ని లోపల పెట్టుకుని నేనుండలేను.”

మదర్ మిషన్ తన మెడమీద పెట్టుకుంది. అక్కడా ఎర్రటి సున్నానే. శౌరిదానికంటే పెద్దది.

“మీకు కూడానా! ఎప్పటినుంచి?”

“నువ్వు పుట్టకముందు నుంచి. పెరగలేదు, పోలేదు. ఇలాంటివి చాలామందికి ఉంటాయి. నీదాన్నీ అప్పుడప్పుడూ చూస్తూ ఉందాం.”

“అయితే అన్నీ ఇంతేనా?”

“కాదు. కిందటేడు గొంతు బొంగురుపోయి వచ్చిన మరియమ్మ గుర్తుందా? ఈ మిషన్ కాస్త ముందొచ్చుంటే బతికేదేమో.”

శౌరి చెయ్యి మళ్లీ మెడమీదికి పోయింది.

“నీ చెయ్యి కిందున్నది మొన్నటిదాకా నీకేమిటి?” అని అడిగింది మదర్.

“ఉత్త మెడే, మదర్.”

“నిన్ను అడక్కుండా చూశాను. అడిగుంటే చూడమనేదానివా?”

శౌరి మెడమీంచి చెయ్యి తీసేసింది.

ఆదివారం పూజ అయింది. ఆడవాళ్లు వరస కట్టారు. ముందున్న జోజమ్మ వచ్చి మెడ చాచింది. శౌరి మిషన్ ఎత్తలేదు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

“అక్కా, మీ ఇంట్లో ఎవరికైనా మెడలో గడ్డ వచ్చిందా? నీ గొంతేమైనా మారిందా? మింగేటప్పుడు అడ్డం పడుతోందా?”

“అట్లాంటిదేం లేదు సిస్టరమ్మా.”

“చూస్తే ఏదో ఒకటి కనబడొచ్చు. అది నిన్నేమీ చెయ్యకపోవచ్చు, కానీ నిద్రపోనివ్వదు. చూడకపోతే నిజంగా చెడ్డది తప్పిపోనూవచ్చు. రెండూ ఉన్నాయి. ఏమంటావు?”

జోజమ్మ చాచిన మెడ వెనక్కి తీసుకుంది. “తేడాగా ఉంటే నేనే పరిగెత్తుకొస్తాలే,” అని లేచింది. ఆమె వెనకావిడ తల్లి మెడలో క్యాన్సర్‌తోనే పోయిందట. “నాకు చూడండి సిస్టరమ్మా, తెలియకుండా ఉండలేను,” అంది. శౌరి వెంటనే మిషన్ అందుకుంది.

ఎండ ముదిరింది. వరస ఇంకా గుమ్మం దాటి బయటే ఉంది. మదర్ అటుగా వచ్చింది.

“లైను కదలడం లేదేం?”

“అడుగుతున్నాను మదర్.”

మదర్ ఇంకో స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

“సగంమందిని ఇటు పంపు.”