సముద్రానికి వెల్ల వేయించిన రాజు

అనగనగా ఒక ఊరు. ఊరంటే ఎంతని? ఇటు ఒక కొండ, అటు ఒక కొండ, నడుమ గంపెడు సముద్రం. ఆ గంపెడు సముద్రం ఒడ్డున నలభై గడపల జాలారిపేట. పేటకి ఎగువన మెట్ట మీద రాజుగారి మేడ. ఊ కొడుతున్నారా? గట్టిగా కొట్టండి. నిన్న కథ సగంలో గుర్రుపెట్టింది ఎవరో నాకు తెలుసు. పేరు చెప్పను గానీ మర్చిపోను.

ఆ పేటలో మసేనమ్మ అని ఒక అత్త, కాసులమ్మ అని ఒక కోడలు. కోడలి పుట్టిల్లు రాళ్ళ తీరం. అందుకని ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి జరిగితే చాలు, బుట్ట పట్టుకుని రాళ్ళ దగ్గరికి పోయేది. రాళ్ళకి పట్టిన నాచు కోసేది. అదీ వేళ్ళు ఉంచి కొసలు మాత్రమే కోసేది. ఆకుకూరలాంటి పచ్చనాచు మేకలకి వేసేది. తోలుపట్టీల్లా ఉండే గోధుమరంగు నాచు కొబ్బరిచెట్టు మొదట్లో కప్పేది. ఎర్ర పీచునాచుంటుందే, దాన్ని కడిగి, ఎండబెట్టి, ఉడకబెట్టి, వడగట్టి, తాటిబెల్లం కలిపి గిన్నెలో పోసేది. చల్లారేసరికి తాటిముంజలా వణుకుతూ పేరుకునేది.

"ఓలమ్మో! నా కొడుక్కి పిల్లని తెమ్మంటే పాచిని తెచ్చారర్రా!" అని మసేనమ్మ వీధి చివరిదాకా వినపడేలా అరిచేది. అరిచి, లోపలికొచ్చి, గిన్నె ఖాళీ చేసేది. కొందరంతే. నా పెళ్ళయిన నాలుగో రోజున మా ఆడపడుచు పారమ్మ, పులుసులో ఉప్పు లేదంటూనే మూడుసార్లు వడ్డించుకుంది. యాభై ఏళ్ళయింది. నేను మర్చిపోయాననుకుంటోంది.

సరే. రాజుగారి కూతురికి పెళ్ళి కుదిరింది. పెళ్ళివారిది లోపలి దేశం, సముద్రం ముఖం ఎరగరు. వియ్యపురాలు కబురు పంపింది, పెళ్ళి సముద్రం ఒడ్డునే చెయ్యండి, నీలాల సముద్రాన్ని కళ్ళారా చూడాలని ఉంది అని. రాజుగారు మేడెక్కి చూశారు. అప్పుడే వానలు వెనకబట్టాయి. ఏరు తెచ్చిన ఒండ్రు కలిసి, ఎండ తగిలి, సముద్రం పచ్చగా, చిక్కగా, గోంగూర ఉడికిన నీళ్ళలా ఉంది. కింద జాలార్లేమో పచ్చనీళ్ళు వచ్చాయి, ఇక చేపే చేప అని వలలు బాగుచేసుకుంటున్నారు. పైన రాజుగారికేమో తలకొట్టేసినట్టయింది. తోమని బిందెలా ఉంది, దీన్ని వియ్యపురాలికి ఎలా చూపించేది?

పండితుణ్ణి పిలిచి అడిగారు. ఆయన పుస్తకం తిరగేసి, సముద్రం నీలంగా ఉండాలని స్పష్టంగా ఉంది, కాబట్టి తప్పు సముద్రానిదే అని తేల్చాడు. నాకు అక్షరం ముక్క రాదు కాబట్టి నేనైతే తప్పు పుస్తకానిదనేదాన్ని. చదువుకున్నవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు.

దివానుగారు ఉపాయం చెప్పాడు. పెళ్ళికి ఇల్లు ఎలా శుభ్రం చేస్తాం? గీకుతాం, కడుగుతాం, వెల్ల వేస్తాం. సముద్రానికీ అదే చేస్తే సరి!

ఇంకేముంది, రెట్టింపు కూలి అని చాటింపు వేశారు. కొబ్బరిచిప్పలతో రాళ్ళన్నీ గీకారు, గీకినదంతా పోగేశారు, పోగేసినదంతా తగలేశారు. బయటి పచ్చనీళ్ళు లోపలికి రాకుండా కొండకీ కొండకీ మధ్య తాటాకు తడకలు కట్టారు. వందమంది ఆడవాళ్ళు పాతచీరలు పట్టుకుని నడుములోతు నీళ్ళలో నిలబడి, బిందెలతో సముద్రాన్ని వడగట్టి మళ్ళీ సముద్రంలోనే పోశారు. నవ్వకండర్రా, కూలి తీసుకుని చేశారు. ఆఖరికి బళ్ళకొద్దీ సున్నం తెచ్చి రాళ్ళకి వెల్ల వేసి, మిగిలింది నీళ్ళలో కుమ్మరించారు.

కాసులమ్మ ఒక్కతే పేటపెద్ద బండియ్య దగ్గరికి పోయి మొత్తుకుంది. రాళ్ళ మీది నాచు పిల్లచేపలకి ఉయ్యాల, నీళ్ళలో పచ్చదనం వాటికి అన్నం, ఉయ్యాల తెంచి అన్నం పారబోస్తే ఇంక చేపెక్కడిది అంది. బండియ్య తల గోక్కుని, పిల్లా, రెట్టింపు కూలి మళ్ళీ మళ్ళీ రాదు అన్నాడు. మసేనమ్మ అయితే "రాజుగారికి తెలీంది నీకు తెలిసిపోయిందేటే!" అని చీర ఎగ్గట్టి తనూ వడగట్టడానికి దిగింది.

పదిహేను రోజులకి నీళ్ళు అద్దమయ్యాయి. అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు. రాజుగారు మురిసిపోయారు. ఇంతలో వియ్యంకుడి దగ్గర్నుంచి ఇంకో కబురు వచ్చింది, విందులో వంజరం చేప ఉండి తీరాలి, లేకపోతే మావాళ్ళు విస్తరి ముట్టరు అని. దానికేం భాగ్యం అన్నారు రాజుగారు. కానీ ఒక్క మాట, పాచినీళ్ళ చేప మా వంటింటి గడప తొక్కకూడదు, నేను శుభ్రం చేయించిన నీళ్ళలోదే కావాలి అన్నారు.

జాలార్లు వలేశారు. మొదటిరోజు ఒక పీత వచ్చింది. అదీ దారితప్పి. రెండోరోజు అదీ లేదు. మూడోరోజు వల వెళ్ళినప్పటికంటే శుభ్రంగా తిరిగొచ్చింది. దివానుగారు ఊరుకుంటాడా? వీళ్ళు చేపల్ని దాచేశారని రాజుగారి చెవిలో ఊదాడు. మళ్ళీ చాటింపు. నాలుగు రోజుల్లో వంజరం రాకపోతే పేట ఖాళీ చెయ్యాలి, నలభై గుడిసెలూ పీకించి ఆ చోట పెళ్ళివారికి పూలతోట వేయిస్తాం అని.

వడగట్టినవాళ్ళూ ఏడ్చారు, గీకినవాళ్ళూ ఏడ్చారు. మసేనమ్మ పుట్టి బుద్ధెరిగి మొదటిసారి నోరెత్తలేదు. నిద్రొస్తోందా? ఊ?

కాసులమ్మ మొగుణ్ణి పిలిచింది. వాడి పేరు దానయ్య, మంచివాడు, చెప్పింది చేస్తాడు.

"మావా, కొండ అవతల నీళ్ళింకా పచ్చగానే ఉన్నాయి. తెప్పేసుకెళ్ళి ఒక్క వంజరం తే."

"తెచ్చినా ఆయన తినడు కదే!"

"తేవడం నీ పని. తినిపించడం నా పని."

దానయ్య చెయ్యి పొడుగు వంజరం తెచ్చాడు. కాసులమ్మ దాన్ని గంపలో పెట్టి, కత్తిపీట చంకన పెట్టుకుని, సభకి నడిచింది. కోడలు ఒంటరిగా పోతే లోకం ఏమనుకుంటుందోనని వెనకాలే మసేనమ్మ. సభలో అందరూ ముక్కులు మూసుకున్నారు. రాజుగారు చేపని చూసి, వెండి పలకలా ఉంది, ఇది నా నీళ్ళదేనా అన్నారు.

"కోస్తే తెలుస్తాది బాబూ," అని కత్తిపీట వేసుకుని అక్కడే కూర్చుంది కాసులమ్మ. పొట్ట చీరితే లోపల జానెడేసి కవళ్ళ చేపలు రెండు, నిక్షేపంలా ఉన్నాయి.

"ఇవేమిటి?"

"వంజరం తిన్న అన్నం బాబూ."

కవళ్ళ పొట్టలు చీరింది. పచ్చటి ముద్ద. వేలికి రాసుకుని చూపించింది.

"ఇదేమిటి?"

"కవళ్ళు తిన్న అన్నం. మీరు వడగట్టించిన పాచి. పాచిని కవళ్ళు తిన్నాయి, కవళ్ళని వంజరం తింది, వంజరాన్ని..." అని ఆగిపోయింది.

 రాజుగారు వేళ్ళు ముడుచుకుంటూ లెక్క తేల్చుకున్నారు. "అంటే... చిన్నప్పట్నుంచీ నేను..."

మసేనమ్మకి నోరు తిరిగొచ్చింది. "పాచే తిన్నారు బాబూ. తవఁరి నాన్నగారూ తిన్నారు. కాకపోతే బంగారు కంచంలో తిన్నారు."

దివానుగారు కళ్ళు మూసుకున్నాడు. తలకాయలు రాలతాయనుకున్నారు అందరూ. రాజుగారు చాలాసేపు ఆలోచించి, ఈ సంగతి పెళ్ళివారికి తెలియకూడదు అన్నారు. అంతే. పెద్దవాళ్ళ పశ్చాత్తాపం అలాగే ఉంటుంది, అంతకంటే ఎదురుచూడకూడదు.

ఆ సాయంత్రమే తడకలు పీకించారు. సున్నం బళ్ళు వెనక్కి మళ్ళాయి. జాలార్లు కొండ అవతల వలేసి విందుకి సరిపడా వంజరాలు తెచ్చారు. పోటుకీ ఆటుకీ వెల్ల కరిగింది, బయటి నీళ్ళు లోపలికొచ్చి పెళ్ళినాటికి సముద్రం మళ్ళీ పచ్చబడింది. వియ్యపురాలు పల్లకీ దిగి చూసి, "ఆహా! అచ్చం మా వరిచేనులా ఉందే!" అని చప్పట్లు కొట్టింది. రాజుగారు మీసం దువ్వి, మీకోసమే ప్రత్యేకంగా వేయించాం అన్నారు. సముద్రాన్ని పచ్చగా చేసినందుకు దివానుగారికి శాలువా కప్పారు. పండితుడు పచ్చటి సముద్రం మీద పద్యం చదివాడు.

కాసులమ్మకి శాలువా లేదు. అడగనూ లేదు. పేట కదలకూడదు, రాళ్ళని ఎవరూ గీకకూడదు అని రాజుగారి చేత రాగిరేకు మీద రాయించి పుచ్చుకుంది. చదవడం రాదు, అయినా అక్షరం తర్వాత అక్షరం చెక్కేదాకా ఎదురుగా కూర్చుంది. నలభై పొయ్యిలూ ఉన్నచోటే వెలిగాయి. మసేనమ్మ వీధి చివరిదాకా వినపడేలా, "నా కోడల్ని ఏరి కోరి తెచ్చింది నేనే!" అని అరిచింది. గిన్నె మామూలుగానే ఖాళీ చేసింది.

కాబట్టి పిల్లలూ, దేన్నయినా తోమేముందు అందులో ఎవరు తింటున్నారో అడగండి. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పటి దారి పడదాం.