మడచెట్టుకి పెద్దపీట

ఒకప్పుడు సముద్రపు ఒడ్డున ఉండే మడచెట్టు వేళ్ళన్నీ బురద లోపలే ఉండేవి. మిగతా చెట్ల వేళ్ళలాగే బుద్ధిగా కిందే ఉండేవి, పైకి తొంగి కూడా చూసేవి కావు.

ఆ రోజుల్లో చెట్లకి ఒక సభ ఉండేది. అడవుల నుంచి, కొండల నుంచి, దీవుల నుంచి వందమంది నడిచి వచ్చేవారు. అవును, అప్పట్లో చెట్లు నడిచేవి. ఇప్పుడు బద్ధకించాయి.

సభలో చింత, టేకు, మద్ది, రావి, ఈ నలుగురికే పెద్దపీటలు. మిగతా అందరికీ చాపలు. ఏ నీళ్ళు ఎటు పారాలో పీటల మీదవాళ్ళే తేల్చేవారు. చాపల మీదవాళ్ళు తల ఊపాలి, అంతే.

ఒక ఏడు ఆ నలుగురూ కలిసి ఏటిపాయని తమ వైపు మళ్ళించేసుకున్నారు. మంచినీళ్ళు రాక సముద్రపు ఒడ్డున ఉప్పు పెరిగిపోయింది. మడచెట్టు పిల్లమొక్కలు ఒక్కొక్కటే మాడిపోసాగాయి.

మడచెట్టు గబగబా సభకి వచ్చింది. ఆ ఏడు సభ ఒడ్డుకి దగ్గరలోనే జరుగుతోంది.

"నాకూ పెద్దపీట కావాలి. నీళ్ళ సంగతి తేల్చేటప్పుడు నా మాట కూడా ఉండాలి" అంది.

చింతతాత పకపకా నవ్వాడు. "ముందు కాళ్ళ బురద కడుక్కుని రావే అమ్మాయ్!"

చాపల వరసలోంచి తాటిమామ లేచి నిలబడ్డాడు. "ఆయ్, నవ్వకండి తాతగారూ. ఒడ్డు కాసేది ఆవిడ, పెత్తనం మీదా? ఆవిడకి పీట పడాల్సిందేనండి. నేను ఆవిడ పక్షం."

"నీ చాప కూడా లాగేస్తాను, జాగ్రత్త!"

"లాగేసుకోండి. నించునే ఉంటాను, నాకలవాటే" అన్నాడు తాటిమామ.

చింతతాతకి ఒళ్ళు మండింది. "రూలు తెలుసుగా? సభలో ఉన్న వందమందీ చెయ్యెత్తాలి. ఒక్కటి తగ్గినా పీట లేదు. ఏదీ, మడచెట్టు పక్షం ఎవరెవరో చేతులెత్తండి!"

తాటిమామ చెయ్యి ఒక్కటే లేచింది. మిగతావాళ్ళు చింతతాత కళ్ళు చూసి తలలు దించుకున్నారు.

అంతలో సముద్రం మీంచి తుఫాను వచ్చి పడింది. మడచెట్టు ఒక్క పరుగున వెళ్ళి ఒడ్డు మీద నిలబడింది. కొండంత కెరటం వచ్చి కొట్టింది. మడచెట్టు కొమ్మలు పైకి లేచేలా ఊగింది గానీ, గట్టిగా పట్టుకున్న బురదని వదల్లేదు. వెనకాల సభలో కూడా పెద్దలకీ చిన్నలకీ కొమ్మలన్నీ ఆకాశంలోకి లేచిపోయాయి.

సభకి గుమాస్తా వడ్రంగిపిట్ట. ఎంత గాలైనా లెక్క తప్పని ఘటం. గాలి తగ్గగానే గొంతు సవరించుకుంది.

"అందరూ చేతులెత్తారు. చింతతాతగారైతే రెండు చేతులూ ఎత్తారు. మడచెట్టుకి పీట ఖాయం!"

"ఓరి నీ లెక్క తగలెయ్య! మేం చెయ్యెత్తలేదురా, చేతులెత్తేశాం! ఇక మా వల్ల కాదని!" అని అరిచాడు చింతతాత.

"నాకు పైకి లేచిన చెయ్యే కనిపిస్తుందండి. ఎత్తడమో, ఎత్తేయడమో నాకేం తెలుసు?" అంది పిట్ట.

సభంతా గొల్లున నవ్వింది. ఒడ్డు మీంచి మడచెట్టు గొంతు వినిపించింది.

"గాలికి లేచిన చేతులు నాకొద్దు. ఇష్టమై ఎత్తితేనే పీట. మళ్ళీ అడగండి."

"అయ్యో, వచ్చిన పీటని వదులుకుంటావేంటమ్మా!" అని నెత్తి కొట్టుకున్నాడు తాటిమామ. కానీ ఆయనకి లోలోపల గర్వంగానే ఉంది.

చింతతాత తన కాళ్ళ కింద చూసుకున్నాడు. పిడికెడు మట్టి కూడా కొట్టుకుపోలేదు. సిగ్గుతో ఆయన ఆకులన్నీ ముడుచుకున్నాయి. మెల్లగా ఒక కొమ్మ పైకెత్తాడు. టేకు ఎత్తింది, మద్ది ఎత్తింది, రావి ఎత్తింది. చాపల మీదవాళ్ళంతా ఎత్తారు.

వడ్రంగిపిట్ట లెక్కపెట్టింది. "తొంభై తొమ్మిది! ఒకటి తక్కువ."

ఆ తక్కువైనది మడచెట్టు చెయ్యే.

"ఎత్తమ్మా! నీ పిల్లలకి నీళ్ళొస్తాయి" అని బతిమాలాడు తాటిమామ.

మడచెట్టు ఎండిన పిల్లమొక్కల వైపు చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా తల అడ్డంగా ఊపింది. "నన్ను నేనే మెచ్చుకోలేను మామా. అంత చిన్నతనం నా వల్ల కాదు."

అప్పుడు బురద కదిలింది. అందులోంచి వేలెడంత వేరు ఒకటి నిటారుగా పైకి లేచింది. దాని పక్కన ఇంకోటి. తర్వాత పది, వంద, వెయ్యి!

"అమ్మ తనకి తాను చెయ్యెత్తుకోదు. అమ్మ కోసం మేం ఎత్తుతాం!" అన్నాయి వేళ్ళు.

"వేళ్ళకి సభలో చెయ్యెత్తే హక్కుందా?" అని గొణిగింది టేకు.

"ఇందాకంతా మనం నిలబడింది ఆ చేతుల మీదేనండి" అన్నాడు తాటిమామ.

"వంద నిండింది!" అంది వడ్రంగిపిట్ట. చింతతాత తనే లేచి, తన పక్కన పెద్దపీట వేశాడు. పాయ మళ్ళీ ఒడ్డు వైపు తిరిగింది. తియ్యటి నీళ్ళు తగలగానే పిల్లమొక్కలు కళ్ళు విప్పాయి.

"ఇక చాలు, చేతులు దించండి పిల్లలూ" అన్నాడు చింతతాత.

"దించం తాతా. రేపెవరైనా మేం చూడలేదంటే?" అన్నాయి వేళ్ళు.

అప్పటినుంచే మడచెట్టు వేళ్ళు బురదలోంచి పైకి లేచి నిలబడి ఉంటున్నాయి. రోజుకి రెండుసార్లు సముద్రం వచ్చి వాటిని ముంచేసి పోతుంది. నీళ్ళు వెనక్కి తగ్గాక వెళ్ళి చూడండి, ఒక్క చెయ్యి కూడా దిగి ఉండదు.