దాహం వేయని రాజమాత

మేడికొండ రాజు ముమ్మడిరాయుడు ఒకనాడు నిండు కొలువులో మెడలోని ముత్యాల హారం తీసి అందరికీ చూపించాడు.

"మా అమ్మ చేత చెంబుడు నీళ్లు తాగించినవాడిదే ఈ హారం" అన్నాడు.

కొలువు తెల్లబోయింది. బయట ఎండలు మండిపోతున్నాయి. రాజమాత కుందాంబ మాత్రం గుక్కెడు నీళ్లతో పొద్దు గడిపేస్తోంది. దాంతో మూత్రంలో మంట, ఆపైన జ్వరం. మొన్న ఆ మగతలో కన్నకొడుకునే పట్టుకుని "ఎవరబ్బాయివి నువ్వు?" అని అడిగింది. రాజు ఆ పూట అన్నం ముట్టలేదు.

రాజవైద్యుడు మార్కండశాస్త్రి లేచాడు. ఆయన బిరుదులన్నీ చదవడం పూర్తయ్యేలోపు కొన్ని జ్వరాలు వాటంతటవే తగ్గిపోతాయి.

"ప్రభూ, నీళ్లు బాగా తాగాలని నేను మొదటే చెప్పాను. ఆవిడ తాగలేదు. నా మాటకే లొంగలేదంటే అది జబ్బు కాదు, దెయ్యం! నీళ్లంటే పడని దెయ్యం. రేపు సాయంత్రం వేపమండలతో నాలుగు తగిలిస్తే అదే వదులుతుంది."

కొలువులో హాస్యగాడు తిప్పనకు ఒళ్లు మండింది. పండు ముసలిని వేపమండలతో కొడతాడట! అతను చిన్నప్పుడు రాజమాత చేతి మజ్జిగన్నం తిని పెరిగినవాడు. తిన్నగా ఆవిడ గదికి వెళ్లాడు.

రాజమాత చెంబు నోటిదాకా ఎత్తింది. గుమ్మం వైపు చూసింది. చెంబు దించేసింది. గుమ్మం దగ్గర బూరవాడు బూరతో సహా సిద్ధంగా నిలబడి ఉన్నాడు.

"ఏంటమ్మా, ఎందుకు దించేశారు?"

"తాగితే లేవాలి కదరా తిప్పనా" అంది ఆవిడ గొంతు తగ్గించి. "లేస్తే వాడు బూర ఊదుతాడు."

తిప్పనకు సంగతి అర్థమైంది. పట్టాభిషేకం నాడు రాజు ముచ్చటపడి వేసిన ఆజ్ఞ అది. రాజమాత అడుగు కదిపితే బూర మోగాలి, గొడుగు పట్టాలి, బిరుదులు చదవాలి, ఎదురైనవాళ్లంతా లేచి చేతులు జోడించాలి. ఆవిడ వెళ్లేది ఎక్కడికని ఆజ్ఞ రాసినవాడు ఆలోచించలేదు.

"ఆ మాట ప్రభువులతో చెప్పకూడదా అమ్మా?"

"ఏమని చెప్పనురా? వాడు ప్రేమతో చేశాడు. ఇంత వయసొచ్చి ఆ మాట కొడుకుతో ఎలా అనను? నువ్వూ అనకు, నా మీద ఒట్టు!"

ఒట్టు పడిపోయింది. పైగా రాజాజ్ఞకు వంక పెడితే తల మిగలదు. తిప్పన బుర్ర గోక్కుంటూ బయటికి వచ్చాడు.

మర్నాడు కొలువు రాజమాత గది ముందు చావడిలోనే పెట్టారు. వేపమండలు కూడా వచ్చేశాయి. తిప్పన వంగి దండం పెట్టాడు.

"ప్రభూ, దెయ్యాన్నే ఎదిరించబోయే మహానుభావుడు! సాయంత్రం దాకా రాజమాతకు జరిగే మర్యాదలన్నీ శాస్త్రిగారికీ జరిపిస్తే బాగుంటుంది."

శాస్త్రి ఉబ్బితబ్బిబ్బయ్యాడు. రాజు సరేనన్నాడు. పానకం వచ్చింది, మజ్జిగ వచ్చింది, కొబ్బరినీళ్లు వచ్చాయి. రాజుగారి మర్యాదను కాదనకూడదని శాస్త్రి అన్నీ పట్టించాడు.

కాసేపటికి మెల్లగా లేచాడు.

బూర మోగింది. కొలువంతా లేచి చేతులు జోడించింది.

"వైద్యశిఖామణి, రోగగజసింహ, నాడీపరీక్షాధురంధర మార్కండశాస్త్రిగారు పెరట్లోకి వేంచేస్తున్నారహో! దారి వదలండహో!"

శాస్త్రి తలవంచుకుని నడిచాడు. గొడుగు పట్టినవాడు తలుపుదాకా వచ్చి అక్కడే కాపు కాశాడు. బయట బిరుదులు సాగుతూనే ఉన్నాయి. లోపల ఎంతసేపున్నా పని జరగలేదు. పాపం, వెళ్లినవాడు వెళ్లినట్టే తిరిగొచ్చాడు, మళ్లీ బూరతో.

ఆ తర్వాత ఆయన చెంబు ముట్టలేదు. మధ్యాహ్నానికి పెదవులు ఎండిపోయాయి. రాజు చూసి, స్వయంగా మజ్జిగ అందించాడు.

"వద్దు ప్రభూ, దాహం లేదు" అన్నాడు శాస్త్రి, బూర వైపు బితుకుబితుకుమని చూస్తూ.

తిప్పన గుండెలు బాదుకున్నాడు.

"మహారాజా! రాజమాతను పట్టిన దెయ్యం శాస్త్రిగారిని పట్టుకుంది. వేపమండలు ఇటు తెప్పించండి!"

"దెయ్యం లేదు, గియ్యం లేదు!" శాస్త్రి గావుకేక పెట్టాడు. "ఆ బూర ఆపించండి ప్రభూ, కడవెడు తాగుతాను! బూరను వెంటేసుకుని పెరట్లోకి ఎవడు వెళ్లగలడు?"

కొలువు గొల్లుమంది. రాజూ పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే తల్లి గుమ్మం వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది. అక్కడ బూరవాణ్ణి నిలబెట్టింది తనే.

సింహాసనం దిగి ఆ గుమ్మానికి కట్టిన తెర దగ్గరికి వెళ్లాడు. "అమ్మా, ఇక నీ వెంట ఎవరూ రారు. ఇన్నాళ్లూ ఒక్క మాట అనలేదేమమ్మా?"

తెర వెనక నుంచి సన్నటి గొంతు వినిపించింది.

"అవన్నీ తర్వాత. ముందు ఆ మజ్జిగ ఇటివ్వు నాయనా, నోరెండిపోతోంది."

ఒక చెంబు ఖాళీ అయింది. ఇంకో చెంబుడు నీళ్లు అడిగి తాగింది. కొంతసేపటికి తెర కదిలింది. కొలువు కొలువంతా పైకప్పు దూలాలు చూడడంలో మునిగిపోయింది. రాజమాత చప్పుడు లేకుండా వెళ్లి చప్పుడు లేకుండా వచ్చింది.

రాజు కళ్లు తుడుచుకుని, నవ్వుతూ ముత్యాల హారాన్ని తిప్పన మెడలో వేయబోయాడు. బహుమానం ఇచ్చే వేళ కదా అని బూరవాడు అలవాటు కొద్దీ బూర నోటికెత్తాడు.

"ఊదకురా!" అని అందరికంటే ముందు అరిచింది మార్కండశాస్త్రే.