మోత ఉన్నవాళ్ళ వరస

కంచరి బ్రహ్మలింగం ఉపదేశం తీసుకుని ఏడాది దాటింది. కానీ ఆ ఉపదేశం ఏమిటో ఆయనకు తెలియదు.

నవ్వకండి. ఆయన స్థానంలో మీరుంటే తెలిసేది.

కొండకింద ఉన్న ఆ మఠంలో ఉపదేశానికి ఒక పద్ధతి ఉంది. గురువునీ శిష్యుణ్ణీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఇద్దరి తలల మీదా ఒక తెల్ల దుప్పటి కప్పుతారు. ఆ ముసుగు కింద గురువు శిష్యుడి కుడి చెవిలో ఉపదేశించే మాటని మూడుసార్లు, మెల్లగా, ఇంకెవరికీ అందకుండా చెబుతాడు. ఆ తర్వాత దాన్ని పైకి అనకూడదు, రాసుకోకూడదు, పక్కవాళ్ళని అడగకూడదు.

బ్రహ్మలింగం ముప్పై ఏళ్ళు ఇత్తడి బిందెలు కొట్టినవాడు. పొద్దస్తమానం ఖణేల్ ఖణేల్. పని కొడుకులకి అప్పగించి మఠానికి వచ్చేటప్పుడు సుత్తి ఇంట్లోనే వదిలేశాడు గానీ, మోత మాత్రం వదల్లేదు. రాత్రీ పగలూ చెవుల్లో గుయ్యిమంటూ ఒకటే పోరు. ఉపదేశం నాడు ముసుగు కింద గురువు తిరపతయ్యస్వామి గడ్డం చెంపకి తగిలింది. వెచ్చటి ఊపిరి చెవికి తగిలింది, మూడుసార్లూ. వినిపించింది మాత్రం ఆ గుయ్యి ఒక్కటే.

"అందిందా నాయనా?" అన్నాడు స్వామి ముసుగు తీసి.

చుట్టూ అందరూ చూస్తున్నారు. "అందింది స్వామీ" అనేశాడు.

ఇక చూడండి అవస్థ. తెల్లారగానే అందరూ జపానికి కూర్చునేవారు. అందరి పెదాలూ కదిలేవి, ఈయనవీ కదిలేవి. అనుకోవడానికి లోపల మాటంటూ ఉంటే కదా! పూసలు తిప్పుతూ చెవిలో మోత వింటూ కూర్చునేవాడు, పాపం.

తమాషా ఏమిటంటే, మఠంలో ఆయనకి బోలెడు మంచి పేరొచ్చింది. ఎవరేమన్నా చిరునవ్వే. చాడీలు చెబితే పట్టించుకోడు. వంటశాలలో రత్తమ్మ గొంతు చించుకుని అరుస్తున్నా పక్కనే కదలకుండా కూర్చునేవాడు. "బ్రహ్మలింగం మనసు నిశ్చలమైపోయిందండీ" అని చెప్పుకునేవారు. నిశ్చలమూ లేదు, పాడూ లేదు. సగం మాటలు వినపడవు. మళ్ళీ అడగాలంటే సిగ్గు. అందుకని నవ్వి ఊరుకునేవాడు.

ఇలాగే గడిచిపోయేదేమో. ఒకనాడు స్వామి ఆయన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నాకు పళ్ళూడిపోయాయి, మాట సరిగ్గా పలకటం లేదు. ఎల్లుండి పున్నమికి గంగులమ్మ అని ఒకావిడ ఉపదేశానికి వస్తోంది. ముసుగు కింద నువ్వు కూర్చో" అన్నాడు కాస్త గట్టిగానే.

ఈ మాట మాత్రం శుభ్రంగా వినపడింది. తనకే తెలియని మాట ఇంకొకరికి ఎలా చెప్పేది?

ఆ రోజంతా ఆలోచించాడు. మూట సర్దుకుని చెప్పాపెట్టకుండా వెళ్ళిపోదామా అనుకున్నాడు. ఏదో ఒక దేవుడి పేరు చెప్పేస్తే ఎవరికి తెలుస్తుందిలే అని కూడా అనుకున్నాడు. మరుసటి రోజు పొద్దున గంగులమ్మ రానే వచ్చింది. నూలు మిల్లులో పనిచేసి మానేసిన మనిషి, పెద్ద గొంతు. ఆవిడ మాట్లాడుతుంటే ఒక్క ముక్క కూడా తప్పిపోలేదని బ్రహ్మలింగానికి ప్రాణం లేచొచ్చింది.

"అన్నా! మా ఆయన పోయిన కాణ్ణించీ ఈ ఒక్క మాట కోసమే చూస్తున్నానన్నా! నీ నోటితో వినే రాత నాకుంది!" అని ఆవిడ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

ఇంక ఏదో ఒక పేరు చెప్పడానికి ఆయనకి మనసొప్పలేదు.

మధ్యాహ్నం విస్తళ్ళు వేస్తున్న వేళ అరుగు మీద ఉన్న స్వామి దగ్గరికెళ్ళి, చెవి దగ్గర వంగి, రహస్యంగా చెప్పుకున్నాడు. రహస్యమని ఆయన అనుకున్నాడు. చెవులు మందగించినవాళ్ళ గుసగుస ఎలా ఉంటుందో తెలిసిందే కదా!

"స్వామీ! ఆనాడు నాకా మాట వినపడలేదు! చెవుల్లో మోత! అందిందని అబద్ధమాడాను! ఇన్నాళ్ళూ ఉత్త పూసలే తిప్పాను!"

వంటశాలలో రత్తమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. విస్తళ్ళు వేసేవాళ్ళు నిలబడిపోయారు.

స్వామికి కోపం రాలేదు. బ్రహ్మలింగం ముఖంలోకి చూసి, "ఏ చెవిలో?" అన్నాడు.

"రెండిట్లోనూ స్వామీ. కుడి చెవి మరీను."

"ఊఁ. పద, అన్నం చల్లారిపోతోంది."

ఆవరణలో రెండు వరసలు వేసి ఉన్నాయి. స్వామి మధ్యలో నిలబడి, "ఇవాళ చిన్న మార్పు. చెవుల్లో మోత ఉన్నవాళ్ళు గోడవైపు కూర్చోండి. లేనివాళ్ళు ఇటువైపు" అన్నాడు.

ఇదే తనకు శిక్ష అనుకున్నాడు బ్రహ్మలింగం. వెళ్ళి గోడవైపు వరసలో ఒక్కడే కూర్చుని తల దించుకున్నాడు. అవమానంతో చెవులు ఇంకా హోరెత్తాయి.

కాసేపటికి పక్కన ఎవరో చతికిలబడ్డారు. రైసుమిల్లులో పనిచేసిన పోలినాయుడు. "ఈ మోతకంటే నాకు ఆ మిల్లు ఇంజనే నయం బాబూ. రాత్రిళ్ళయినా ఆపేవాళ్ళం" అన్నాడు.

వెనకే డోలు గురవయ్య వచ్చాడు. జానకిరామయ్య మాస్టారు వచ్చాడు. "మీకెందుకండీ మాస్టారూ, సుద్దముక్క తప్ప ఏమీ పట్టలేదుగా?" అని ఎవరో అంటే, "వయసండీ, వయసు" అన్నాడాయన. రత్తమ్మ గరిటెతోనే వచ్చి కూర్చుంది. "నాకు కుక్కరు కూసినట్టుంటుందయ్యా. ఎన్నిసార్లు లేచి పొయ్యి చూసుకున్నానో!" అంది. కొందరైతే "ఏమన్నారు? ఏమన్నారు?" అని పక్కవాళ్ళని అడిగి, రెండోసారి చెప్పించుకుని మరీ లేచొచ్చారు. గోడవైపు విస్తళ్ళు చాలలేదు.

గంగులమ్మ అటూ ఇటూ చూసి, కొత్తమనిషి కదా, ఉన్నచోటే ఉండిపోయింది.

చివరికి స్వామి తన పీట తనే ఎత్తుకొచ్చి బ్రహ్మలింగం పక్కన వేసుకున్నాడు.

"మీకూనా స్వామీ?"

"నాకు నీకంటే ముందునుంచీ. మజ్జిగ ఇటు పట్రండమ్మా."

బ్రహ్మలింగం కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాడు. సంతోషంతో ఏడుపొచ్చింది.

"బయటి చప్పుడు సరిగ్గా అందకపోతే చెవి ఊరుకోదు నాయనా, తనే ఒకటి మోగించుకుంటుంది. ఒంటరి ముసలమ్మ తనలో తను మాట్లాడుకున్నట్టు. ఊళ్ళోకి చెవుల డాక్టరు వస్తాడు, చూపించుకో. మిషను పెట్టుకోమంటే పెట్టుకో" అంటూ స్వామి తలపాగా అంచు ఎత్తాడు. చెవి వెనక చిక్కుడుగింజంత మిషను. ఆ తలపాగా చలికనే ఇన్నాళ్ళూ అందరూ అనుకున్నారు!

చేతులు కడుక్కున్నాక స్వామి తెల్ల దుప్పటి తెప్పించాడు. "ఇటు వరసవాళ్ళు, చెవులు బాగున్నవాళ్ళు, పశువులపాక దాకా వెళ్ళి రండి. గోడవైపు వరసవాళ్ళు ఉన్నా ఫరవాలేదు" అన్నాడు. అందరితో పాటు గంగులమ్మా లేచి వెళ్ళింది.

ముసుగు కప్పారు. స్వామి ఈసారి ఎడమ చెవి అందుకున్నాడు. మెల్లగా చెప్పలేదు, గట్టిగానే చెప్పాడు. బ్రహ్మలింగానికి సగమే అందింది.

"మళ్ళీ చెప్పండి స్వామీ" అన్నాడు.

స్వామి చెప్పాడు.

"మళ్ళీ."

స్వామి మళ్ళీ చెప్పాడు. ఆ మాట వచ్చి లోపల కూర్చుంది. చెవిలో మోత ఎక్కడికీ పోలేదు, దాని దారిన అది మోగుతూనే ఉంది. మోగితే మోగనీ అనుకున్నాడు బ్రహ్మలింగం.

"నాకు వినపడలేదని మీకు ముందే తెలుసా స్వామీ?"

"అందిందా అంటే నువ్వు నా పెదాల వంక చూశావు. మా గురువు ముందు నేనూ అలాగే చూశాను. ఉపదేశం మొదటిసారి నాకూ అందలేదు. 'వినపడకపోతే మళ్ళీ అడగరా' అన్నాడు చూడు మా గురువు, అది మాత్రం మొదటిసారే వినపడింది."

మర్నాడు పున్నమి. ముసుగు కింద బ్రహ్మలింగం గంగులమ్మ కుడి చెవిలో ఆ మాట మూడుసార్లు చెప్పి, దుప్పటి తీశాడు.

"అందిందా అమ్మా?"

చుట్టూ అందరూ చూస్తున్నారు. గంగులమ్మ ఆయన పెదాల వంక చూసింది.

"అందిందన్నా" అంది.

బ్రహ్మలింగం దుప్పటి మళ్ళీ ఇద్దరి మీదా కప్పాడు.