రాణిగారి కిటికీ కింద రేవుబండ

కుంభవరం రాజుగారికి తోటలో అందమైన రాళ్ళు పెట్టించే పిచ్చి పట్టుకుంది. ఏటిగట్టున నూకాలు ఊరి బట్టలుతికే బండ నున్నగా మెరుస్తోందని, దాన్ని పెకలించి తెచ్చి రాణిగారి కిటికీ కింద వేయించారు.

"దీని నునుపు చెడకుండా చూసే పూచీ నీదే," అన్నారు నూకాలుతో.

"చిత్తం దొరా," అంది నూకాలు.

మర్నాడు తెల్లారకముందే కిటికీ కింద దబదబా చప్పుడు. రాణిగారు ఉలిక్కిపడి లేచారు. రాజుగారు పరుగున వచ్చి చూస్తే, ఊరందరి పంచెలూ చీరలూ గులాబీ పొదల మీద ఆరుతున్నాయి.

"ఏమిటే ఇది?"

"రోజూ బట్టలేసి బాదితేనే కదా దొరా ఆ నునుపు. మానేస్తే పాచి పడుతుంది. పూచీ నాదన్నారుగా."

సాయంత్రానికల్లా భటులు రొప్పుతూ బండను ఏటికి మోసుకొచ్చారు. నూకాలు నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"పాతచోట వద్దు నాయనా, నీళ్ళు మొయ్యలేక చస్తున్నాను. ఇంకాస్త నీళ్ళ దగ్గరకి జరపండి."